తెర వెనుక దీపం, తెర ముందు దీపం: బెంటన్‌విల్ ఇళ్ళలో టీవీ, ప్రొజెక్టర్ల పూర్వకథ

ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలనున్న బెంటన్‌విల్‌లో 2010 జనాభా లెక్కల నాటికి 35,301 మంది నివసించేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 54,164కు చేరింది. ఆ పెరుగుదలలో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయంలోనో, దానికి సరుకు అమ్మే కంపెనీల స్థానిక కార్యాలయాల్లోనో, సాఫ్ట్‌వేర్ సేవలందించే సంస్థల్లోనో ఉద్యోగాలు చేసే భారతీయులున్నారు, వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 2024 మే నెలలో వాల్‌మార్ట్ తన డాలస్, అట్లాంటా, టొరాంటో కార్యాలయాల ఉద్యోగుల్లో ఎక్కువమందిని పెద్ద కార్యాలయాలకు, ముఖ్యంగా బెంటన్‌విల్‌కు, తరలిరమ్మన్నది. 2025 జనవరిలో అక్కడే 350 ఎకరాల కొత్త ప్రాంగణాన్ని ప్రారంభించింది. ఊరు మారినవారు ఇల్లు వెతుక్కుంటారు. ఇల్లు దొరికాక, పై అంతస్తులో కిటికీలు తక్కువగా ఉన్న ఆ పెద్ద గదిలో ఏం పెట్టాలన్న చర్చ మొదలవుతుంది. గోడను కప్పేసే ఫ్లాట్ టీవీయా, ప్రొజెక్టరా?

ఈ చర్చ సాధారణంగా అంగుళాలు, డాలర్లు, కాంతి తీవ్రతల లెక్కల్లో సాగుతుంది. ఆ లెక్కలు అవసరమే, వాటి ప్రస్తావన ముందు వస్తుంది. అయితే ఈ ఎంపిక ఇప్పుడు చాలావరకు టీవీ వైపే మొగ్గడానికి సాంకేతిక కారణాల కంటే వ్యాపార కారణాలు బలమైనవి. వాటిలో కొన్ని రూపుదిద్దుకున్నది ఆ బెంటన్‌విల్‌లోనే.

రెండు వంశాలు

ఇంట్లో బొమ్మ చూపే పరికరాలన్నిటినీ రెండు వంశాలుగా విడదీయవచ్చు. మొదటిది తెర వెనుక దీపం పెట్టే వంశం. తెలుగువారికి దీన్ని వివరించడానికి ఎక్కడికో పోనక్కరలేదు. తోలుబొమ్మలాటలో మేకతోలునో జింకతోలునో పారదర్శకమయ్యేదాకా పలుచగా గీకి, రంగులద్ది, తెల్లని గుడ్డకు ఆనించి ఆడిస్తారు. దీపం వెనుక ఉంటుంది, ప్రేక్షకులు ముందుంటారు. రంగుతోలు గుండా వడగట్టుకొని వచ్చిన వెలుగే వారికి కనబడే బొమ్మ. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో నేటికీ ఈ బొమ్మలు తయారుచేసే కుటుంబాలున్నాయి.

ఎల్‌సీడీ టీవీ నిర్మాణం అచ్చంగా ఇదే. వెనుక ఎల్‌ఈడీ దీపాలు, వాటి ముందు వెలుగును ఆపుతూ వదులుతూ ఉండే ద్రవ స్ఫటికాల పొర, దాని ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల వడపోతలు. బొమ్మను కదిలించే చేతి స్థానంలో విద్యుత్ పీడనం వచ్చింది, అంతే తేడా. తోలుబొమ్మలాటకున్న చిక్కే దీనికీ ఉంది. అడ్డుపెట్టిన పొర వెలుగును పూర్తిగా ఆపలేదు కాబట్టి నలుపు కాస్త బూడిదరంగుకు తిరుగుతుంది. దీపాలను వందల భాగాలుగా విడగొట్టి, చీకటి దృశ్యం ఉన్నచోట మాత్రమే ఆర్పే ఏర్పాటు ఈ చిక్కు కోసం వచ్చిందే. ఓఎల్‌ఈడీ టీవీలో తోలూ లేదు, వెనుక దీపమూ లేదు. ప్రతి చుక్కా తానే వెలిగి, తానే ఆరుతుంది.

రెండో వంశం దీపాన్ని తెర ముందు పెడుతుంది. వెలుగు యంత్రం నుండి బయలుదేరి గుడ్డనో గోడనో తాకి, వెనుదిరిగి కంటికి చేరుతుంది. ఇక్కడ నలుపు అంటూ ప్రత్యేకంగా ఏదీ ఉండదు, వెలుగు పడని గుడ్డే నలుపు. గది ఎంత చీకటిగా ఉంటే నలుపు అంత చిక్కన. ప్రొజెక్టర్ బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క సంగతిలో ఉన్నాయి.

తెలుగునాట కదిలే బొమ్మ ఈ రెండో వంశం ద్వారానే అడుగుపెట్టింది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య, 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని కొన్నారు. గ్రామఫోన్ రికార్డుతో బొమ్మను జతచేసి చూపే సాధనమది. దాన్ని వెంటబెట్టుకొని దక్షిణ భారతమే కాక బర్మా, సింహళం దాకా తిరిగి ప్రదర్శనలిచ్చారు. మద్రాసులో గెయిటీ హాలు కట్టింది ఆ తర్వాత. ఇక్కడ గమనించవలసిన వరుస ఒకటుంది: ముందు యంత్రం, తర్వాత డేరా, ఆ తర్వాతే హాలు. ప్రొజెక్టర్ పుట్టుకతోనే సంచారి. గుడ్డ చుట్టి, పెట్టె సర్ది ఇంకో ఊరికి పోగలదు. డేరా టాకీసులు ఆ స్వభావాన్ని ఇంకా కొన్ని దశాబ్దాలు నిలబెట్టాయి.

పెట్టె ఇంట్లోకి వచ్చిన తీరు

టీవీ మొదటినుండీ ఏకాంత సాధనమేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు భారత ప్రభుత్వం అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఒక ప్రయోగం జరిపింది. సైట్ అనే పొడి పేరుతో ప్రసిద్ధమైన ఆ కార్యక్రమంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలు ఉపగ్రహం నుండి నేరుగా ప్రసారాలు అందుకొన్నాయి. తెలుగులోనూ కార్యక్రమాలుండేవి. గొడుగులాంటి యాంటెన్నా, ఊరుమ్మడి చోట ఒక టీవీ, దాని ముందు నేలమీద కూర్చున్న జనం. ఆ సెట్లు తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. సాగు, ఆరోగ్యం, చదువు గురించిన ఆ ప్రసారాలను ఊరంతా కలిసి చూసింది. పరికరం టీవీయే, చూసిన పద్ధతి మాత్రం డేరా సినిమాది.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చాక, 1982లో రంగుల ప్రసారాలు మొదలయ్యాక టీవీ నెమ్మదిగా ఇళ్ళలోకి చేరింది. 1987-88 నాటి ఆదివారాల్లో రామాయణం ధారావాహిక కోసం టీవీ ఉన్న ఇంట్లో వీధి వీధంతా చేరడం ఆ తరానికి గుర్తే. ఆ రద్దీ తగ్గడానికి కారణం జనానికి ఆసక్తి తగ్గడం కాదు, ఇంటింటికీ టీవీ రావడం. తర్వాత అది గదిగదికీ వచ్చింది.

అమెరికా వచ్చిన తెలుగువారి కథ ఇదే దారిలో, కొంత వింతగా సాగింది. 1970లలో ఇక్కడి తెలుగు సంఘాలు విశ్వవిద్యాలయాల హాళ్ళు అద్దెకు తీసుకొని, 16 ఎంఎం రీళ్ళు తెప్పించి సినిమాలు వేసేవి. సినిమా అంటే వారాంతపు ప్రయాణం, పొట్లాలు కట్టుకొచ్చిన భోజనం, విరామంలో ఊరి కబుర్లు. 1980లలో వీడియో క్యాసెట్ ఆ హాళ్ళను ఖాళీ చేయించింది. సినిమా భారతీయ పచారీ దుకాణంలో, పప్పుల సంచుల పక్కన అద్దెకు దొరకసాగింది. అందులోనూ ఒక చిక్కుండేది. భారతదేశపు పాల్ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 525 గీతలు, సుమారు 30 బొమ్మలు. ఇంటినుండి తెచ్చుకున్న పెళ్ళి క్యాసెట్ ఇక్కడి టీవీలో గీతలుగా దొర్లిపోయేది. రెండు పద్ధతులనూ చదవగల ఖరీదైన యంత్రం ఎవరింట్లో ఉంటే అక్కడ నలుగురూ చేరేవారు. రామాయణం రోజుల వీధి ఇల్లు అమెరికాలో ఇలా కొంతకాలం మళ్ళీ కనబడింది.

ప్రొజెక్టర్‌ను ఇంటి సరుకుగా అమ్మే ప్రయత్నాలు అప్పటికే ఉన్నాయి. హెన్రీ క్లాస్ అనే అమెరికన్ శబ్దయంత్ర నిపుణుడు 1970ల తొలినాళ్ళలో అడ్వెంట్ కంపెనీ తరఫున వీడియోబీమ్ అనే ఇంటి ప్రొజెక్టర్‌ను తెచ్చాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు వేర్వేరు గొట్టాలుండే యంత్రమది. మూడు రంగులూ ఒకే చోట పడేట్టు సరిచూసుకోవడం, చీకటి చేయడం, తెరను ప్రత్యేకంగా కొనడం, ఇవన్నీ సరదా ఉన్నవారి పనులుగానే మిగిలిపోయాయి.

ఆ స్థితిని మార్చిన పరికరం డాలస్‌లో పుట్టింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తున్న లారీ హార్న్‌బెక్ 1987లో ఒక చిప్పు కనిపెట్టాడు. దాని మీద లక్షల సూక్ష్మ దర్పణాలు అటూ ఇటూ ఒరుగుతూ, తమ మీద పడిన వెలుగును తెర వైపుకో పక్కకో మళ్ళిస్తుంటాయి. 1996 నుండి ఆ చిప్పుతో ప్రొజెక్టర్లు బజారులోకి వచ్చాయి. ముందు కార్యాలయాల సమావేశ మందిరాలకు, తర్వాత ఇళ్ళకు, ఆపైన సినిమా హాళ్ళకు. పెట్టెలకొద్దీ రీళ్ళ అవసరం తీరిపోవడంతోనే తెలుగు సినిమా అమెరికాలోని చిన్న నగరాలకు సైతం విడుదల నాటికే చేరగలిగింది. 2015లో హార్న్‌బెక్‌కు ఆస్కార్ ప్రతిమ దక్కింది. డాలస్‌లో స్థిరపడిన తెలుగువారికి ఆ కంపెనీ పేరు కొత్తది కాదు గాని, దాని దర్పణాల వల్లనే తమ సినిమా తమ ఊరి హాలుకు వచ్చిందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

అర మీది యుద్ధం

ఇరవై ఒకటో శతాబ్దం మొదలయ్యేనాటికి పెద్ద బొమ్మ కావాలంటే ప్రొజెక్టరే చవక. 1997లో ఫిలిప్స్ అమెరికాలో అమ్మిన 42 అంగుళాల ప్లాస్మా టీవీ ధర దాదాపు 15,000 డాలర్లు. 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ పాఠాల కోసం పుట్టిన ప్లాస్మా తెర, ముప్పై ఏళ్ళ తర్వాత ధనికుల గోడకెక్కింది.

1950లో బెంటన్‌విల్ కూడలిలో శామ్ వాల్టన్ కొన్న చిన్న దుకాణం నుండి పెరిగిన వ్యాపారం ఇక్కడ ప్రవేశిస్తుంది. మొదటి వాల్‌మార్ట్ 1962లో పక్కనున్న రోజర్స్‌లో తెరిచారు. 1987 నాటికి ఈ కంపెనీ అమెరికాలో అతిపెద్ద ప్రైవేటు ఉపగ్రహ సమాచార వ్యవస్థను నిర్మించుకొని, బెంటన్‌విల్ నుండి దుకాణాలన్నిటితో మాటా, లెక్కా, బొమ్మా కలిపి అనుసంధానమైంది. పుష్కరం కిందట తెలుగు పల్లెలకు పాఠాలు చెప్పడానికి వాడిన సాధనమే ఇక్కడ ఏ ఊళ్ళో ఏది ఎంత అమ్ముడైందో చెప్పడానికి వచ్చింది. ఏ సరుకు ధర ఎంత తగ్గిస్తే ఎంత కదులుతుందో ఇంత త్వరగా తెలిసిన వ్యాపారి అప్పట్లో ఇంకొకరు లేరు.

2006 చివరి పండుగల సీజన్‌లో వాల్‌మార్ట్ 42 అంగుళాల ప్లాస్మా టీవీని వెయ్యి డాలర్ల లోపుకు దించింది. పోటీదారులూ దించక తప్పలేదు. టీవీల మీద వచ్చే లాభంతో బతికే దుకాణాలకు ఊపిరాడలేదు. ఇంటి సినిమా పరికరాలకు పేరుపడ్డ ట్వీటర్ 2007లో దివాలా పిటిషన్ వేసింది. సర్క్యూట్ సిటీ 2008 నవంబరులో అదే దారి పట్టి, మరుసటి ఏడు మూతబడింది. 2008 నాటి ఆర్థిక సంక్షోభం పాత్ర కూడా ఇందులో తక్కువేమీ కాదు. కానీ ధరల దెబ్బ ముందే తగిలింది.

ప్రొజెక్టర్‌కు ఈ పరిణామం చేసిన నష్టం లెక్కల్లో కనబడదు. ట్వీటర్ వంటి దుకాణాల్లో చీకటి గదులుండేవి. కొనేవారిని లోపల కూర్చోబెట్టి, తలుపు మూసి, తెర మీద సినిమా వేసి చూపేవారు. వాల్‌మార్ట్ దుకాణంలో పైకప్పు నిండా దీపాలే. ఆ వెలుతురులో అర మీద వరుసగా పెట్టిన టీవీలు తమను తాము అమ్ముకోగలవు, ప్రొజెక్టర్ అమ్ముకోలేదు. చీకటి గది ఉన్న దుకాణం పోయిన నాడే ప్రొజెక్టర్ తన సాక్షిని పోగొట్టుకుంది. టీవీ గెలిచింది ఇంట్లో కాదు, దుకాణం అర మీద అనిపించేది ఇందుకే.

తయారీ కూడా అదే దిశలో నడిచింది. ఎల్‌సీడీ తెరలను పెద్ద గాజు పలకల మీద ఒకేసారి తయారుచేసి ముక్కలుగా కోస్తారు. పలక ఎంత పెద్దదైతే ముక్క అంత చవక. చైనాలోని హఫేయిలో బీఓఈ కంపెనీ 2017 చివర్లో మొదలుపెట్టిన కర్మాగారంలో పలక కొలత 2,940 మిల్లీమీటర్లు, 3,370 మిల్లీమీటర్లు. దాన్నుండి 65 అంగుళాల తెరలు ఎనిమిది, లేదా 75 అంగుళాలవి ఆరు వస్తాయి. ఈ వరదలో పక్కవారూ కొట్టుకుపోయారు. వెనుకనుండి బొమ్మ వేసే భారీ టీవీల తయారీని చివరగా మిత్సుబిషి 2012లో వదిలేసింది. ప్లాస్మా ఆ తర్వాత రెండేళ్ళకు ముగిసింది. ఇటీవల 98, 100 అంగుళాల టీవీలు కూడా తగ్గింపు అమ్మకాల్లో రెండు వేల డాలర్ల చుట్టుపక్కలకు దిగాయి. పెద్ద బొమ్మ అంటే ప్రొజెక్టరే అన్న పాత వాదానికి అలా కాలం చెల్లింది.

చవక వెనుక ఎవరున్నారు

గాజు పలక ఒక్కటే టీవీని ఇంత చవక చేయలేదు. 2024 డిసెంబరులో వాల్‌మార్ట్ 230 కోట్ల డాలర్లకు విజియో అనే టీవీ కంపెనీని కొన్నది. సొంత బ్రాండు టీవీలు అప్పటికే అమ్ముతున్న దుకాణానికి ఇంకో టీవీ కంపెనీ ఎందుకు? కొన్నది ప్రధానంగా పెట్టెలను కాదు, పెట్టెల్లోని సాఫ్ట్‌వేర్‌నూ, దాన్ని వాడుతున్న కోటీ ఎనభై లక్షలకు పైగా ఖాతాలనూ. ఏ ఇంట్లో ఏం చూస్తున్నారో తెలిస్తే ఏ ప్రకటన వేయాలో తెలుస్తుంది. ఆ ఇల్లే తర్వాత ఏం కొన్నదో వాల్‌మార్ట్‌కు తెలుసు. విజియో లెక్కల్లోనే, టీవీలు అమ్మగా వచ్చే లాభాన్ని ప్రకటనలూ సేవల ద్వారా వచ్చే లాభం ఏనాడో దాటిపోయింది. అదే విజియో, కోటీ పది లక్షల టీవీల్లో జనం చూస్తున్నదాన్ని వారి అనుమతి లేకుండా సేకరించిందన్న ఆరోపణపై 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, న్యూజెర్సీ రాష్ట్రానికి కలిపి 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. అంటే టీవీ ధరలో కొంత భాగం కొన్నవారు కడితే, మిగిలింది వారిని చూస్తున్నవారు కడుతున్నారు.

ప్రొజెక్టర్‌ను ఈ విషయంలో అమాయకురాలిగా చూపించడం సరికాదు. కొత్తవాటిలో చాలావాటిలో టీవీల్లోని సాఫ్ట్‌వేరే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండా, తీగ గుచ్చితే బొమ్మ వేసి ఊరుకునే ప్రొజెక్టర్లు ఇంకా దొరుకుతున్నాయి, అంతే. అలాంటి టీవీ దుకాణంలో దొరకడమే అరుదు. ఉన్న టీవీని ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచుకోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

ఇక వెలుతురు లెక్క. వంద అంగుళాల తెర వైశాల్యం దాదాపు 2.76 చదరపు మీటర్లు. నికరంగా 2,000 ల్యూమెన్లిచ్చే ప్రొజెక్టర్ దాని మీద వేసే బొమ్మ మామూలు తెల్ల తెరపై సుమారు 230 నిట్ల తీవ్రతతో కనబడుతుంది. సినిమా హాళ్ళ ప్రమాణం 48 నిట్లే కాబట్టి చీకట్లో ఇది కావలసినంత. దీపాలు వెలుగుతున్న గదిలో తెర మీద 150 లక్స్ వెలుతురు పడుతున్నదనుకుంటే, ఏ బొమ్మా వేయకుండానే ఆ గుడ్డ 48 నిట్లతో మెరుస్తుంది. హాలులో అత్యంత తెల్లనిదనిపించే తెలుపు, ఇంట్లో నలుపుగా కూర్చుంటుందన్నమాట. పక్కనుండి, పైనుండి వచ్చే వెలుగును మింగే ప్రత్యేకమైన తెరలు దీన్ని కొంతవరకు సరిదిద్దుతాయి. వాటి ధర కలుపుకుంటే చవక అన్న మాట ఎగిరిపోతుంది.

బెంటన్‌విల్ తెలుగు ఇంట్లో ఈ లెక్కకు కాలమానం అడ్డుపడుతుంది. భారతదేశంలో సాయంత్రం ఏడున్నరకు మొదలయ్యే ఐపీఎల్ ఆట ఇక్కడ వసంతకాలపు ఉదయం తొమ్మిదింటికి వస్తుంది. అక్కడ అర్ధరాత్రి ఓటీటీలో విడుదలయ్యే సినిమా ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు దిగుతుంది. జూన్ చివర్లో సూర్యుడు అస్తమించేది రాత్రి ఎనిమిదిన్నర దాటాకే. మాతృదేశపు ప్రసారాలను ప్రత్యక్షంగా చూడదలచిన ఇల్లు పట్టపగలు చూడవలసిందే. తెర ముందు దీపం పెట్టేవారికి పగలు పగే.

అయినా ప్రొజెక్టర్‌ను పాత సామానుల్లో చేర్చలేకపోవడానికి మంచి సాక్ష్యం కూడా వాల్‌మార్ట్ దగ్గరే ఉంది. కోవిడ్‌తో హాళ్ళు మూతబడిన 2020లో, ఆగస్టు నుండి అక్టోబరు దాకా, ఆ కంపెనీ ట్రైబెకా సంస్థతో కలిసి అమెరికా అంతటా 160 దుకాణాల ముందరి పార్కింగ్ స్థలాల్లో తెరలు కట్టి, 320 ప్రదర్శనలు వేసింది. లోపల అరల నిండా టీవీలు, బయట చీకటి పడేదాకా కార్లలో ఎదురుచూస్తున్న జనం. ఇళ్ళలో ఎవరికీ తెర కొరత లేదు, వారికి కరువైంది పక్కన ఇంకొకరు.

పై అంతస్తు గది విషయంలో బెంటన్‌విల్ కుటుంబాలు తేల్చుకోవలసిందీ దాదాపు ఇదే. ఆ గదిలో రోజూ ఇద్దరు కూర్చుంటారా, నెలకొకసారి పన్నెండుమందా? ఉదయపు క్రికెట్టా, రాత్రి సినిమానా? ఇంకో రెండేళ్ళకు ఉద్యోగం మళ్ళీ ఏ ఊరికి పంపుతుంది? వంద అంగుళాల టీవీ పెట్టె ఏడడుగులకు పైగా పొడవుంటుంది. దాన్ని నిలబెట్టే మోయాలి, పడుకోబెడితే గాజుకు ప్రమాదం. మెట్ల మలుపు దగ్గర అది ఆగిపోయిన ఇళ్ళున్నాయి. అందుకే కొందరు కింద హాలులో 65 అంగుళాల టీవీ బిగించి, పైన గోడకు తెల్లరంగు వేయించి ఊరుకుంటున్నారు.